అడ్డపొగ

పొగ కనిపిస్తుంది. నిప్పు కనిపించదు.

తెల్లవారే వేళ. ఇసుక ఇంకా చల్లగానే ఉంటుంది. పడవలు వచ్చే వైపు ముఖం పెట్టి ఆమె కూర్చుని ఉంటుంది. మూసిన పెదవుల మధ్య నుంచి చుట్ట రెండంగుళాలు బయటికి ఉంటుంది. వెలిగే కొస లోపల ఉంటుంది — నాలుక మీద, అంగిలి కింద, పళ్ళ వెనక చీకట్లో.

దీన్ని అడ్డపొగ అంటారు.

సముద్రపు గాలి ఎంత వీచినా ఆ నిప్పు ఆరదు. తుంపర పడినా ఆరదు. చేపలు ఎండబెట్టే చేతులకు చుట్ట పట్టుకునే తీరిక ఉండదు. వల మీద ఒక్క రవ్వ రాలితే వల పోతుంది. అందుకే ఈ ఒడ్డున ఆడవాళ్ళు నిప్పును నోట్లో దాచుకున్నారు. ఆమె తల్లి దాచుకుంది. తల్లికి తల్లి దాచుకుంది.

ఆమె పేరు చిన్నమ్మి. నా భార్య ఉమకు తల్లి.

ఉమ పోయి పద్నాలుగు నెలలు.

ఉమ ఎన్నడూ పొగ తాగలేదు. నీళ్ళు తాగింది. అంతే. ఈ ఉద్దానంలో పుట్టి, ఈ నేలలో ఊరిన నీళ్ళే తాగింది. ఇక్కడ మనుషుల మూత్రపిండాలు ఎందుకు ఆగిపోతాయో తెలుసుకోవాలని ఎవరెవరో వస్తారు. సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్తారు. సంచుల్లో మట్టి పట్టుకెళ్తారు. మళ్ళీ వస్తారు. రక్తం శుద్ధి చేయించడానికి వారానికి రెండుసార్లు పలాస బస్సు, రెండేళ్ళు... ఆ తర్వాత బస్సు అవసరం లేకపోయింది.

చివరి నెలలో ఉమ నన్ను ఒకటే అడిగింది. ఆసుపత్రి మంచం మీద, చేతికి గొట్టాలు ఉండగా, కిటికీ వైపు చూస్తూ అడిగింది.

"అమ్మకి అంగిట్లో తెల్లగా ఉందండి. కారం తగల్డం నేదంట. ఓపాలి డాక్టరుకి సూపించండి. నాను సెప్తే ఇనదు. మీరు మేష్టరు కదా, మీ మాటింటాది."

చూపిస్తాను అన్నాను.

చూపించలేదు.

బడి ఉంది అనుకున్నాను. పదో తరగతి పరీక్షలు అనుకున్నాను. తుపాను హెచ్చరిక అనుకున్నాను. అసలు సంగతి వేరు. ఉమ లేని ఇంట్లో ఉమలా నవ్వే నోరు అదొక్కటే. దాన్ని తెరిపించి, లోపలికి దీపం పెట్టి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

*

మార్చిలో ఈశ్వర్ వచ్చాడు. ఉమ తమ్ముడు. ఓడలో ఫిట్టరు. ఎనిమిది నెలలు నీళ్ళ మీద, రెండు నెలలు నేల మీద.

జీడితోటలు పూత ముగించి కాయ పట్టే రోజులు. కాశీబుగ్గ నుంచి వచ్చే గాలిలో జీడిగింజలు కాలుతున్న ఘాటు. కొత్త ఓడరేవు కడుతున్న మూలపేట వైపు రాళ్ళ లారీలు పోతూనే ఉన్నాయి — సముద్రాన్ని ఆపడానికి కొండల్ని తవ్వి తెస్తున్నారు. పగలంతా నేల సన్నగా వణికేది. గోడ మీద ఉమ ఫోటో కూడా.

ఈశ్వర్ సంచిలోంచి ఒక చెక్కపెట్టె తీశాడు. బియ్యం దింపడానికి వాళ్ళ ఓడ హవానా రేవులో పందొమ్మిది రోజులు ఆగిందట. మూత తెరిచాడు. దేవదారు వాసన. దాని వెనక ఇంకో వాసన — ఎండిన గడ్డి, తడి మన్ను, పాత పుస్తకం.

ఐదు చుట్టలు. బొటనవేలంత లావు. నూనె రాసినట్టు నిగనిగలాడే గోధుమరంగు ఆకు. ఒక్కో చుట్ట నడుముకి ఒక్కో కాగితపు ఉంగరం, ఎరుపూ బంగారూ.

నేను చుట్ట తాగేవాణ్ణి కాదు. ఈశ్వర్ నేర్పాడు. కొస కొంచెమే కోయాలి. మంట తగలనివ్వకూడదు, మంట పక్కన తిప్పుతూ అంచు వేడెక్కించాలి. తొందర పనికిరాదు. నిమిషానికి ఒక్క పీల్పు. పొగ గుండెల్లోకి పోకూడదు.

"నోట్లోనే ఉంచు బావా. రుసి సూడు. ఒదిలీ. అంతే మరి."

నోట్లో ఉంచాను. రుచి చూశాను.

మొదటి భాగం మెత్తగా ఉంది. కోతలయ్యాక పొలంలో ఎండ వాసన. రెండో భాగానికి వేయించిన గింజల రుచి, కాస్త చెక్క, కాస్త తోలు. దేనితో కలిపితే ఏమవుతుందో సాయంత్రమంతా చూశాం, ఇద్దరు పిల్లల్లా. పాలు పోసిన టీ ఆ పొగను చంపేసింది. ఈశ్వర్ తెచ్చిన నల్ల రమ్ము దాన్ని తియ్యన చేసింది — ఒక్క చుక్కే నాలుకకు తగిలించుకున్నాను. కాల్చిన జీడిపప్పు దాన్ని నిద్రలేపింది. తాటిబెల్లం ముక్క దవడన పెట్టుకుని, పాలు లేని కాఫీ ఒక గుక్క తాగి, అప్పుడు పీలిస్తే... ఆ పొగ పొగలా లేదు. తినే వస్తువులా ఉంది.

పద్నాలుగు నెలలుగా నా నోటికి ఏదీ రుచి లేదు. ఆ సాయంత్రం రుచి తిరిగి వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాను.

మూడో భాగం మిరియంలా కాలింది. అక్కడ ఆపాలి అన్నాడు ఈశ్వర్. నలిపి ఆర్పకూడదట. పళ్ళెంలో పెట్టి వదిలేయాలి. దానంతటది ఆరిపోవాలి.

వదిలేశాను. చాలాసేపు ఆరలేదు.

*

మా అత్త గడప దగ్గర కూర్చుని అంతా చూస్తోంది.

ఈశ్వర్ ఆమెకు ఒకటి ఇచ్చాడు. ఆమె వెంటనే వెలిగించలేదు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కింది. వాసన చూసింది. గోటితో ఆకు ఈనె తడిమింది. యాభై ఏళ్ళుగా చుట్టలు చుట్టిన చేతులు అవి. తడి ఆకు పీట మీద పరిచి, పొడాకు మధ్యలో పెట్టి, అరచేతితో ఒక్క దొర్లింపు, దారంతో ఒక్క ముడి. నేను పేపరు మడిచే లోపు ఆమె చుట్ట అయిపోయేది.

"మొక్కకి పైనున్నాకు నోపల పెట్టినారు. ఎండ తిన్నాకు. నిదానంగా కాల్తాది," అంది. "సుట్టినోడు ఎవుడో గాని పనోడే."

కాగితపు ఉంగరం జాగ్రత్తగా లాగి వేలికి తొడుక్కుంది. ఉంగరం వేలికి సరిపోయింది. నవ్వింది. ఉమ నవ్వు.

తర్వాత వెలిగించింది. చివర గుండ్రంగా ఎర్రబడే దాకా తిప్పింది. అప్పుడు — చెయ్యి చెప్పకుండానే తిరిగింది — నిప్పును లోపలికి పెట్టుకుని పెదవులు మూసేసింది.

ఈశ్వర్ పడీ పడీ నవ్వాడు.

"అలక్కాదే అమ్మా! అది దొరల సుట్ట!"

ఆమె చుట్ట పళ్ళతో పట్టుకునే జవాబిచ్చింది. "ఏం, దొరల దేశంలో గాలి నేదేటి?"

పక్కింటి వాళ్ళు వచ్చారు. ఈశ్వర్ ఫోనులో వీడియో తీశాడు. ఓడలో అందరికీ చూపిస్తానన్నాడు. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను.

మామూలు చుట్ట చిటికెన వేలంత. ఇది బొటనవేలంత. ఆ నిప్పు పట్టాలంటే నోరంతా దానికే ఇవ్వాలి. ఆమె బూడిద రాల్చడానికి చుట్ట బయటికి తీసింది. రేగుపండంత నిప్పు. తడిసి, నల్లబడి, మళ్ళీ ఎర్రబడుతోంది. మళ్ళీ లోపల పెట్టుకుంది. కనురెప్ప కదలలేదు.

ఎలా ఉందని అడిగాడు ఈశ్వర్.

"ఏటీ తెల్డం నేదురా. గడ్డి."

కాలలేదా అని అడిగాను నేను.

"ఏటి కాల్డం?" అంది.

ఆమె కళ్ళలో నీళ్ళు రాలేదు. అందరూ ఇంకా నవ్వుతున్నారు. నా నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలియదు.

నేల సన్నగా వణికింది. రాళ్ళ లారీ పోయింది.

*

మర్నాడు అన్నంలో మిరపకాయ పచ్చడి కలిపి పెట్టాను. చూస్తూ కూర్చున్నాను. పెరుగన్నం తిన్నట్టు తినేసింది. ఇంకాస్త ఉప్పు వెయ్యాల్సింది అంది.

ఆ రోజు ఈశ్వర్‌తో చెప్పాను. పడవల పక్కన నిలబడి చెప్పాను. ఉమ అడిగిన మాట కూడా చెప్పాను.

అతను ఇసుక వైపు చూస్తూ అడిగాడు.

"అయితే నీకు ఎప్పట్నించి తెలుసు బావా?"

పదిహేను నెలల నుంచి అన్నాను.

అతను ఫోను తీశాడు. వీడియో తెరిచాడు. నవ్వులన్నీ వినిపించాయి. దాన్ని చెరిపేశాడు.

ఆ సాయంత్రం తల్లిని బతిమాలాడు. పలాస పక్కనే కాశీబుగ్గలో పళ్ళ డాక్టరు ఉన్నాడని, ఊరికే చూస్తాడని, గంటలో వచ్చేద్దామని. ఆమె చేటలో ఎండు నెత్తళ్ళు ఏరుతూ విన్నది. తల ఎత్తలేదు.

"ఆ బస్సు నానెక్కను. ఆ బస్సెక్కిన నా పిల్ల ఎలగ తిరిగొచ్చిందో నాను సూడనేదేటి?"

అంతే. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా చేట చప్పుడే జవాబు.

ఈశ్వర్‌కి ముందే పిలుపు వచ్చింది. వేరే ఓడ, వేరే రేవు. పలాస స్టేషన్లో రైలు కదిలేటప్పుడు తలుపు దగ్గర నిలబడి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"నువ్వే బావా," అన్నాడు. "ఇంకెవులున్నారు?"

*

ఆదివారం. ఎండ వాలింది. ఆమె అరుగు మీద చుట్టలు చుడుతోంది.

ఉమ బతికున్నప్పుడు ఈ వేళకి పక్కన కూర్చుని చదివేది. చిన్నప్పుడు బడి పాఠాలు చదివిందట. ఎక్కాలు చదివిందట. పెళ్ళయ్యాక పేపరు, కథల పుస్తకాలు, మందుల చీటీలు కూడా. తల్లికి అక్షరం రాదు. కూతురు గొంతు ఒక వైపు, ఆకు చప్పుడు ఒక వైపు. పద్నాలుగు నెలలుగా ఆ అరుగు మీద ఆకు చప్పుడు ఒక్కటే.

పెట్టెలో ఒక్క చుట్ట మిగిలింది. అది నా జేబులో ఉంది. పేపరు చేతిలో ఉంది. చదవబోయి, చదవలేక, తెలిసింది చెప్పాను. పిల్లలకు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాను. ఇంకో గొంతు నాకు రాదు.

కొలంబస్ మన దేశాన్ని వెతుక్కుంటూ బయల్దేరి దారి తప్పాడు. క్యూబా చేరాడు. అదే ఇండియా అనుకున్నాడు. అక్కడి మనుషులు ఆకు చుట్టి వెలిగించి పొగ పీలుస్తుంటే అతని నావికులు ఇద్దరు చూశారు. ఒకడు నేర్చుకున్నాడు. తన ఊరికి తిరిగి వెళ్ళి తాగాడు. నోట్లోంచి పొగ వస్తుంటే ఊరు భయపడింది. లోపల దయ్యం ఉందన్నారు. జైల్లో పెట్టారట. బయటికి వచ్చేసరికి ఊరంతా చుట్టలు తాగుతోందట.

ఆమె నవ్వింది. "నోపల ఏటుందో ఎవులికి తెల్సు మేష్టరూ," అంది. ఆకు తడిపింది.

ఆ ఆకు ఓడల మీదే మన దేశానికీ వచ్చిందని చెప్పాను. ఆ దీవిలో దొరతనం పోయి విప్లవం వచ్చినప్పుడు కొందరు రైతులు విత్తనాలు తీసుకుని వేరే దేశాలకు పోయారని, అదే విత్తనం వేశారని, ఆ రుచి మాత్రం రాలేదని చెప్పాను. మట్టి వేరంటారు అన్నాను.

"మట్టేటి సేత్తాది?" అంది. "నీళ్ళు."

ఇంకో ఆకు తీసి పరిచింది.

తర్వాత, హవానాలో చుట్టలు చుట్టే పెద్ద శాలలు ఉన్నాయని చెప్పాను. వందల మంది వరసగా కూర్చుని చుడతారు. వాళ్ళ మధ్య ఎత్తు పీట మీద ఒక మనిషి కూర్చుని చదువుతాడు. పొద్దున పేపరు. మధ్యాహ్నం నవల. నూట యాభై ఏళ్ళ పైనుంచి ఇదే పద్ధతి. కథ బాగుంటే చుట్టేవాళ్ళంతా ఆకు కోసే కత్తులు బల్లల మీద టకటక కొడతారు. చదివేవాడికి కూలి వాళ్ళే తలా కొంత వేసి ఇచ్చేవారట.

ఆమె చెయ్యి ఆగింది.

"మరి నా ఉమకి నానేటీ ఇవ్వనేదు," అంది.

ఆకు పీట మీద పరిచి ఉంది. గాలికి అంచు లేస్తోంది. ఆమె దాన్ని అదమలేదు.

నేను మాటలతో బతికేవాణ్ణి.  డాక్టరు దగ్గరికి రమ్మని ఉమ పేరు చెప్పి ఒప్పించవచ్చు. అది సరికాదనిపించింది. బెదిరించవచ్చు. జబ్బు పేరు చెప్పవచ్చు. ఆ పేరు నా నోట రాలేదు.

జేబులోంచి చుట్ట తీశాను. కొస కోశాను. మంట పక్కన తిప్పాను, ఈశ్వర్ చెప్పినట్టు, తొందరపడకుండా. అంచు గుండ్రంగా ఎర్రబడింది.

అప్పుడు తిప్పి, నిప్పు లోపలికి పెట్టుకుని, పెదవులు మూశాను.

కాలింది.

నాలుక కాలింది. అంగిలి కాలింది. నోట్లో తెల్లటి మెరుపు లాంటిది ఏదో లేచి కళ్ళ దాకా పోయింది. మూడు లెక్కపెట్టే దాకా ఉంచాను. అంతకంటే ఉంచలేకపోయాను. చుట్ట అరుగు మీద పడింది. కళ్ళ నీళ్ళు వాటంతటవే కారాయి. పద్నాలుగు నెలలుగా రానివి కూడా వాటితో కలిసే వచ్చాయి. దగ్గాను. ఉమ్మితే కొంచెం ఎర్రగా వచ్చింది.

ఆమె లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. గడ్డం పట్టుకుని నోరు తెరిపించి చూసింది. చంటిపిల్లాడి నోరు చూసినట్టు.

"కాలిందా బాబూ?"

ఆమె నన్ను బాబూ అనడం అదే మొదలు. తల ఊపాను.

ఆమె చుట్ట తీసింది. నిప్పు ఇంకా ఉంది. దాన్ని చూసింది. నన్ను చూసింది. మళ్ళీ దాన్ని చూసింది. రెండో చేతి వేలు మెల్లగా తన నోట్లోకి పోయింది. అంగిలి తడిమింది. అక్కడే ఆగిపోయింది.

"అయితే... నాకెందుకు కాల్నేదు?"

అడిగింది నన్ను కాదు. 

పొద్దు జీడితోటల వెనక్కి పోయింది. చుట్టని ఆమె నలపలేదు. అరుగు అంచున పెట్టింది. అది ఆరేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. చివరి పొగ తీగ తెగిపోయాక అడిగింది.

"రేపు బస్సెన్నింటికి?"

*

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. అది ఉమ కూర్చునే వైపే. నేను పేపరు తెరిచాను. గట్టిగా చదవమంది. నాలుక బొబ్బలెక్కి ఉంది. మాటలు మందంగా వస్తున్నాయి. అలాగే చదివాను. వాన కబురు, మూలపేట కబురు, ఎక్కడో పడవ కనిపించని కబురు. ముందు సీటు వాళ్ళు తిరిగి చూశారు. ఆమె కళ్ళు మూసుకుని వింది. కాగితపు ఉంగరం ఉన్న వేలితో కిటికీ కడ్డీని రెండుసార్లు టకటకమనిపించింది.

కాశీబుగ్గ డాక్టరు చిన్నవాడు. మొదట నవ్వుతూ మాట్లాడాడు. ఆమెను నోరు తెరవమన్నాడు. దీపం లోపలికి వంచాడు.

తర్వాత నవ్వుతూ మాట్లాడలేదు.

తెల్లటి మచ్చ మధ్యలో ఎర్రటి గుంట ఉందన్నాడు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను నేల చూశాను. చిన్న ముక్క తీసి, సీసాలో వేసి, మూత బిగించాడు. విశాఖ పంపాలి, పది రోజులు పడుతుంది అన్నాడు. అన్నాళ్ళూ చుట్ట ముట్టవద్దన్నాడు.

మళ్ళీ ఒక సీసా. మా ఇంట్లోంచి ఇంకొకటి పోయింది.

ఇంటికి వచ్చాక ఆమె చుట్టిన చుట్టలన్నీ పాత చీరముక్కలో కట్టి అటక మీద పెట్టింది. పారేయలేదు.

నా నోరు మానుతోంది. ఆరో రోజు బొబ్బ రాలింది. ఎనిమిదో రోజు మజ్జిగ పుల్లగా తెలిసింది. నిన్న మిరపకాయ పచ్చడి నాలుకకు తగలగానే మండింది. చెంబెడు నీళ్ళు తాగాను. ఆమె చూస్తోంది. ఆమె కంచంలోనూ అదే పచ్చడి.

నిన్న సాయంత్రం డాక్టరు ఫోను చేశాడు. కాగితం వచ్చిందన్నాడు. ఏముందని అడిగాను. రేపు రండి అన్నాడు.

"ఇద్దరూ రండి," అన్నాడు.

ఆమెకు చెప్పాను. సరే అంది. రేపు బస్సులో ఏం చదువుతావని అడిగింది.

*

తెల్లవారుతోంది. ఇసుక ఇంకా చల్లగానే ఉంది. బస్సుకు ఇంకా వేళ ఉంది. ఆమె ఒడ్డున కూర్చుని ఉంది, పడవలు వచ్చే వైపు ముఖం పెట్టి. వేలికి కాగితపు ఉంగరం. ఎరుపు పోయింది, బంగారు రంగు పోయింది, కాగితం మిగిలింది.

పెదవులు మూసే ఉన్నాయి. వాటి మధ్య ఏమీ లేదు.

సముద్రం మీద నుంచి గాలి వీస్తే, అలవాటుగా, ఒక చెంప లోపలికి లాక్కుంటుంది... ఆరిపోకూడని దాన్ని దేన్నో కాస్తున్నట్టు.

పొగ లేదు.

నిప్పు —